గోల్ఫు ఆటయందు దేహభారము, సమతూకము

గోల్ఫు బంతి బరువు 46 గ్రాములకు మించదు. అది కదలక నేలపై నుండును. ఎదుటివాడు విసరునదియు కాదు, పరుగిడి అందుకొనవలసినదియు కాదు. అయినను దానిని నేరుగ కొట్టుట క్రికెట్టున ఆరితేరినవారికి సైతము కష్టసాధ్యము. కలకత్తాలో 1829లోను, బెంగుళూరులో 1876లోను క్లబ్బులు వెలసిన ఈ ఆటలో లోపమును నేటికిని చేతులయందే వెదకుచుందురు. అది తరచుగ పాదములయం దుండును.

కుడిచేతివాటము గలవాడు బంతియెదుట నిలిచినపుడు భారము రెండు పాదములపై రమారమి సమముగ నుండవలెను. కర్రను వెనుకకెత్తునపుడు మొండెము కుడికి తిరుగును. ఒత్తిడి కుడిపాదము లోపలి అంచున చేరును. కర్ర దిగునపుడు అది ఎడమకాలికి మరలును. బంతిని తాకువేళకు అధికభాగ మచటనే యుండును. చేనిలో పిట్టలను తోలుటకు వడిసెల త్రిప్పువాడు రాయి వదలునపుడు ముందుకాలిపై ఊనును గదా! అతనికి దీనిని ఎవరును నేర్పలేదు.

చిక్కంతయు “భారము మార్చుము” అను మాటలోనే యున్నది. అది విన్నవాడు తిరుగుటకు మారుగ దేహమునంతను కుడికి జరుపును. గరిమనాభి కుడిపాదముపైకి పోయిన పిదప తిరిగివచ్చుటకు వ్యవధి చాలదు. కర్ర దిగుటకు పట్టునది సుమారు పావు సెకను. బంతిని తాకియుండునది సెకనులో రెండువేలవ వంతు. కావున కర్ర బంతికి వెనుక నేలను త్రవ్వును, లేదా బంతి నెత్తిని గీరును. కర్ర ఎత్తునపుడు ఎడమకు వాలి, దింపునపుడు కుడికి తూలుట దీనికి విపరీతమగు మరియొక దోషము.

పాదముల క్రింది ఒత్తిడిని కొలుచు పలకలు వచ్చిన పిమ్మట ఒక సూక్ష్మము తేటపడినది. దేహము ప్రక్కకు జరుగునది కొలది అంగుళములే. మిక్కిలి మారునది పాదము నేలను నొక్కు ఒత్తిడి. పాదము నేలను నొక్కినంత బలముతో నేలయు పాదమును నెట్టును. నడుము తిరుగుట కదియే ఆధారము. నిపుణులలో కర్ర ఇంకను పైకి పోవుచుండగనే ఒత్తిడి ఎడమకు మరలుట మొదలగును. ఎత్తుట, దించుట రెండు వేరు పనులని తలచువారికి ఇది పట్టుబడదు.

అమెరికా ఆటగాడు బెన్ హోగన్ తన 1957 నాటి గ్రంథమున కర్ర దిగుట తుంటితో ఆరంభము కావలెనని బోధించెను. కాళ్ల విలువ నతడు బాధపడి యెరిగినవాడు. 1949 ఫిబ్రవరిలో టెక్సాసునందు అతని కారును బస్సు ఢీకొనగా కటియెముక విరిగెను. మరల నడచుటయే సందేహమయ్యెను. 1950 జూనులో మెరియన్ మైదానమున, కాళ్లకు కట్లు చుట్టుకొని, ఒకే దినమున 36 గుంటలాడి, మరునాటి నిర్ణాయకపు ఆటలో అమెరికా ఓపెన్ గెలుచుకొనెను. కాళ్ల సత్తువ తగ్గినను వాని కదలికలోని వరుస చెడలేదు.

భారమును మొదటినుండి ఎడమకాలిపైననే నిలుపవలెనను పద్ధతి 2007లో ప్రచారమునకు వచ్చినది. అందును బంతిని తాకువేళకు భార మెడమనే యుండును గనుక అసలు సూత్రమునకు భంగము లేదు.

అభ్యాసమునకు మొదట పాదములు రెండును చేర్చి మెల్లగ సగము ఊపులు వేయవలెను. దేహము జరిగినచో తూలుట తక్షణమే తెలియును. పిదప కర్ర పైకి పోవుచుండగా ఎడమపాదమును ఒక చిన్న అడుగు ముందుకు వేసి కొట్టవలెను. నడుము బిగిసిన వృద్ధులు కర్ర నెత్తునపుడు ఎడమమడమను కొంచెము లేపుట మేలు. కొట్టిన తరువాత కుడిమడమ లేచి, బొటనవ్రేలు మాత్రము నేల నంటగా, బంతి నేలకు దిగువరకు కదలక నిలువవలెను. అంతలో వెనుకకు అడుగు వేయవలసివచ్చినచో భారము కుడికాలియందే చిక్కుకొన్నదని గ్రహించి, మరల పాదములు చేర్చి ఆరంభింపవలెను.