వెదకువారికి తోడు ప్రశ్నలు

ఒక వస్తువునకు లోకములో ఒక్కటే పేరుండదు. వేరుశనగను తెలంగాణములో పల్లి యందురు. రాయలసీమలో బుడ్డలనియు, చెనక్కాయలనియు వాడుక కలదు. ఎదుట మనిషి యున్నచో అడిగి తెలిసికొనవచ్చును. కాని కంప్యూటరులో సమాచారము వెదకునపుడు మాట మారినచో ఫలితములును మారును. 1987లో ఫర్నాస్ అను అమెరికను పరిశోధకుడును, మరి మువ్వురును ఈ విషయమును కొలిచి చూచిరి. తెలిసిన వస్తువునకే ఇద్దరు మనుష్యులు ఒకే పేరును ఎన్నుకొను అవకాశము నూటికి 20 కంటె తక్కువ యని తేలినది.

గూగుల్, బింగ్ వంటి శోధన యంత్రములు ఫలితములతో పాటు చూపు సంబంధిత శోధనలు ఈ లోటును కొంత తీర్చును. వీనిని తోడు ప్రశ్నలు అనవచ్చును.

ఇవి ఎట్లు ఏర్పడును? ఒక మాటను వెదకినవారు పిమ్మట ఏ మాటను వెదకిరి? వేర్వేరు మాటలతో బయలుదేరినవారు తుదకు ఒకే పుటను తెరచిరా? ఇట్టి జాడలను యంత్రము పోల్చి చూచును. మాటల అర్థసామీప్యమును సంఖ్యలలో కొలుచు పద్ధతులును నేడు దీనికి తోడైనవి.

ఇందొక మెలకువ కలదు. 'పల్లి ఆకులపై మచ్చలు' అని అడిగిన 1,000 మందిలో 200 మంది తరువాత 'తిక్క ఆకుమచ్చ తెగులు' అని అడిగిరనుకొందము. సామాన్యముగా ఈ రెండవ ప్రశ్న అడుగువారు 1,000కి ఒక్కరే యైనచో, ఇచ్చట అది 200 రెట్లు పెరిగినది; కావున సంబంధము గట్టిది. ఆ 1,000 మందిలో 100 మంది సినిమా పాటలను కూడ వెదకియుండవచ్చును. కాని అంతటను 1,000కి 100 మంది పాటలను వెదకుచున్నచో ఇచ్చట పెరుగుదల ఏమియు లేదు, సంబంధమును లేదు.

దీనివలన మేలేమి? మచ్చలు అను మాట మాత్రమే తెలిసిన విద్యార్థికి వ్యవసాయ గ్రంథములలోని పేరు దొరకును. ప్రక్కనే 'తుప్పు తెగులు' అను మాట కనబడినచో, తెగుళ్లు రెండు గలవని తెలియును. తిక్క తెగులున ముదురు గోధుమ లేక నల్లని గుండ్రని మచ్చలు ఏర్పడును. తుప్పు తెగులున ఆకు అడుగున నారింజ వన్నె పొక్కులు లేచును. రెండును శిలీంధ్రముల వలన కలుగునవే. అయినను మచ్చ తెగులుకు వాడు మందులలో కొన్ని తుప్పునకు పనిచేయవు. పేరు తప్పినచో పైకమును, పంటయును నష్టమగును.

అయితే తోడు ప్రశ్న తెలుపునది జనుల వాడుకనే గాని సత్యమును గాదు. దీనికి దగ్గరి బంధువు, టైపు చేయుచుండగనే కనబడు సూచన. అట్టి సూచన ఒకరి పరువునకు భంగకరమైనచో, ఆ సంగతి తెలిసిన పిమ్మట గూగుల్ దానిని తొలగింపవలెనని 2013 మే నెలలో జర్మనీ ఫెడరల్ న్యాయస్థానము తీర్పు చెప్పినది. మరియు వెదకువారు తక్కువైన భాషలో జాడలును తక్కువగనే యుండును.

కావున విద్యార్థులు తోడు ప్రశ్నలలోని క్రొత్త మాటలను వ్రాసికొని, ఆ మాటలతో మరల వెదకి, దొరకిన వర్ణనను ఆకుతోనే సరిచూడవలెను. ఏ తెగులో తేల్చునది తుదకు ఆ పరిశీలనయే.