రేకు పెట్టెలలోని నెగటివులు

మన కళాశాల గ్రంథాలయములో, నిఘంటువుల బీరువా దిగువ అరలో, రెండు రేకు పెట్టెలున్నవి. తొలి సంవత్సరాల వార్షికోత్సవాలు, ముషాయిరాలు, క్రీడోత్సవాలు, వీటి ఫిల్ము నెగటివులు గోధుమరంగు కవర్లలో అందులో భద్రముగా ఉన్నవని అందరమూ అనుకొన్నాము. గడచిన వర్షాకాలములో గ్రంథపాలకులు పెట్టె మూత తెరువగా గుప్పున సిర్కా వాసన వచ్చినది. ఎసిటేటు ఫిల్ము వేడికి, తేమకు చెడినపుడు ఎసిటిక్ ఆమ్లము వెలువడుతుంది. సిర్కాలో ఉండునదీ ఆ ఆమ్లమే. ఒకసారి మొదలైన ఆ క్షయము తన వేగమును తానే పెంచుకొంటుంది; ప్రక్కనున్న మంచి ఫిల్మును కూడ అంటుకొంటుంది. చల్లని, పొడి గదిలో ఉంచిన నెమ్మదించునే గాని వెనుకకు మరలదు.

కనుక ఈ చిత్రాలను కంప్యూటరులోనికి ఎక్కించవలెనని కమిటీ పెద్దలు తలపెట్టి, ఏ స్కానరు, ఏ సాఫ్టువేరు, ఎట్టి కంప్యూటరు కొనవలెనో విచారించి చెప్పమని మమ్ములను అడిగినారు. మేము తెలుగు బోధించువారము. యంత్రాలు మా పాఠ్యాంశము కావు. అయినను మూడేండ్లుగా ఇంటి నెగటివులతో కుస్తీ పట్టినాము. ఆ అనుభవమే ఈ వ్యాసమునకు ఆధారము.

"దుకాణమునకు ఇచ్చివేసిన సరిపోదా సార్?" అని ఒక విద్యార్థి అడిగినాడు. మేము మొదట చేసినది అదే. మా అబ్బాజాన్ ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాతో తీసిన ఫిల్ములు కొన్ని ఇంట ఉండెడివి. వాటిని ఒక దుకాణములో ఇచ్చినాము. వారములో ఒక డిస్కు చేతికి వచ్చినది. చిత్రాలు చేతిఫోను తెరపై ముచ్చటగానే ఉన్నవి. అచ్చు తీయబోగా ముఖాలు అలుకుకొనిపోయినవి, ఏలననగా మిక్కిలి చిన్న కొలతలో స్కాన్ చేసి, నొక్కి కుదించిన ఫైళ్లు ఇచ్చినారు. మరల తెచ్చి ఇత్తమని నెగటివులు లెక్కించితే ఒక ముక్క తక్కువ. "అందులోనే ఉంటుంది, చూడండి" అన్నారు. లేదు. అమ్మీ పెండ్లియైన క్రొత్తలో బావిగట్టున నిలుచున్న చిత్రము ఆ ముక్కలో ఉండెను. దానికి కాగితపు ప్రతి ఎన్నడూ తీయలేదు. అందువలన నెగటివులు కళాశాల గడప దాటరాదని మా మొదటి మాట.

ఇక యంత్రము సంగతి. స్కానరు కొనుటకు ముందు చేయవలసినది నెగటివులను కొలుచుట. మేము లెక్కించగా మన పెట్టెలలో సుమారు 400 చిత్రాలు 120 రకపు ఫిల్ముపై, నలుపు తెలుపులో ఉన్నవి. తరువాతి కాలపు 500 చిత్రాలు 35 మి.మీ. రంగు నెగటివులు. 35 మి.మీ. చిత్రము 24 x 36 మి.మీ. మాత్రమే. 120 ఫిల్ముపై చదరపు చిత్రము దాదాపు 56 మి.మీ. భుజము గలది, అనగా వైశాల్యములో మూడున్నర రెట్లకు పైబడినది. ఈ భేదమే అన్నింటినీ నిర్ణయిస్తుంది.

స్కానరు అట్టపెట్టెపై అంగుళానికి ఇన్ని చుక్కలని పెద్ద అక్షరాలతో ముద్రిస్తారు. ఆ సంఖ్యను నమ్మరాదు. ఎప్సన్ వి600 అను బల్లపరుపు స్కానరుపై 6400 అని ఉంటుంది; స్వతంత్రముగా పరీక్షించినవారికి సుమారు 1600 చుక్కలకు మించి నిజమైన వివరము దొరకలేదు. 1600 చాలునా? 120 చిత్రమునకు చాలును. ఇరువైపుల 3500 చుక్కలు వచ్చును. అంగుళానికి 300 చొప్పున అచ్చొత్తినను పదకొండు అంగుళాల పటము తీయవచ్చు. 35 మి.మీ. చిత్రమునకు మాత్రము చాలదు. ఏడున్నర, ఐదు అంగుళాల అచ్చుతో దాని శక్తి ముగియును. ప్లస్టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ వంటి చిన్న యంత్రాలు 35 మి.మీ. ఫిల్ముకే ప్రత్యేకించినవి, వివరము ఎక్కువ ఇచ్చును గాని 120 ఫిల్ము వాటిలో దూరదు, ఒక్కొక్క చిత్రమును చేతితో జరుపవలెను. క్షయము సోకినవి ముఖ్యముగా పాత 120 ఫిల్ములు గనుక మొదట బల్లపరుపు స్కానరే కొనుట యుక్తమని మా అభిప్రాయము. డిజిటల్ కెమెరాతో నెగటివును ఫోటో తీయు పద్ధతి కూడ ఉన్నది. అది వేగమైనదే. అయితే కటకము, దీపము, అమరిక అన్నీ కుదిరిన చేతికే అది సాధ్యము. ఏటేట మారు విద్యార్థి బృందముతో చేయించు పని కాదు.

సాఫ్టువేరు విషయములో కొంత విస్తరించక తప్పదు. ఎక్కువమంది మోసపోవునది ఇక్కడనే. స్కానరు గాజు, ఇనుము ఇరువది ఏండ్లు నిలుచును. దానిని నడుపు సాఫ్టువేరు నిలువదు. నికాన్ సంస్థ కూల్‌స్కాన్ యంత్రాలు ఇందుకు ఉదాహరణ. యంత్రాలు నేటికినీ పనిచేయుచున్నవి. కాని వాటికై ఆ సంస్థ ఇచ్చిన సాఫ్టువేరును 64 బిట్ల విండోసుకు అనువుగా మార్చక విడిచిపెట్టినారు. ఆపిల్ వారు 2019లో కాటలినాతో 32 బిట్ల ప్రోగ్రాములన్నింటికీ తలుపు మూసివేసినారు. అట్లు అనాథలైన యంత్రాలకు దిక్కయినది వ్యూస్కాన్. ఎడ్ హామ్రిక్ 1998లో దానిని వెలువరించినారు. విండోసు, మాకు, లినక్సు మూడింటిపైనను నడచును. వేల సంఖ్యలో స్కానర్లను గుర్తించును. దీనికి పోటీగా నిలిచినది సిల్వర్‌ఫాస్ట్. జర్మనీలోని కీల్ నగరమున 1986లో స్థాపింపబడిన లేజర్‌సాఫ్ట్ ఇమేజింగ్ వారిది. రంగు నెగటివుకు ఉండు నారింజ పొరను తొలగించుటలో, ఫిల్ము రకాన్నిబట్టి రంగులు సవరించుటలో అది నేర్పరి. కాని దాని అనుమతి ఒక స్కానరు నమూనాకు కట్టుబడియుండును. స్కానరు మారిన మరల కొనవలెను. మన కళాశాలలో పరికరాలు ఎట్లు మారునో, ఎట్లు మూలపడునో పెద్దలకు మేము చెప్పవలసిన పనిలేదు. అందుచేత మా మొగ్గు వ్యూస్కాన్ వైపు. రెండింటినీ ఉచితముగా పరీక్షించి చూడవచ్చు. డబ్బు చెల్లించువరకు చిత్రముపై గుర్తులు ముద్రించి ఇచ్చును, అంతే.

రెండింటిలోనూ మరొక గొప్ప సౌకర్యమున్నది. స్కానరు చూచినదానిని ఏ సవరణ చేయక ముడి ఫైలుగా దాచవచ్చు. పదేండ్ల తరువాత మంచి సాఫ్టువేరు వచ్చిన ఆ ముడి ఫైలునే మరల సవరించవచ్చును. చెడుచున్న నెగటివును మరల తాకవలసిన పనిలేదు. మన పనికి ఇంతకంటె ముఖ్యమైన గుణము లేదు.

దుమ్మును, గీతలను తానే తొలగించునని గొప్పగా చెప్పు పరారుణ కిరణాల ఏర్పాటు గురించి ఒక హెచ్చరిక. రంగు ఫిల్ములోని వర్ణకాల గుండా ఆ కిరణాలు దాటిపోవును; దుమ్ము అడ్డుపడును; ఆ భేదమునుబట్టి సాఫ్టువేరు దుమ్మును గుర్తించి పూడ్చును. కాని మామూలు నలుపు తెలుపు ఫిల్ములో చిత్రమును ఏర్పరచినది వెండి. వెండి కూడ ఆ కిరణాలను అడ్డగించును. ఇది తెలియక మేము ఒక రాత్రి అంతయు ఆ మీట తీయకుండ స్కాన్ చేసినాము. తెల్లవారి చూడగా ఈద్‌గాహ్ వద్ద నిలిచిన వారి తెల్లని టోపీలు, కుర్తాలు వికారముగా కరగిపోయి ఉన్నవి. నెగటివులో వెండి దట్టముగా ఉండునది ఆ తెలుపు ఉన్న చోటులనే కదా! మన 120 ఫిల్ములకు ఈ ఏర్పాటు నిరుపయోగము. రబ్బరు బుడ్డితో ఊది దుమ్ము పోగొట్టుటే వాటికి వైద్యము, తడిగుడ్డ తగిలించరాదు.

కంప్యూటరు గురించి దుకాణదారులు పెద్ద మాటలు చెప్పుదురు. లెక్క వేసికొన్న భయము తీరును. అంగుళానికి 2400 చుక్కలతో 120 నలుపు తెలుపు చిత్రమును 16 బిట్లలో దాచిన సుమారు 56 మెగాబైట్లు, 35 మి.మీ. రంగు చిత్రము సుమారు 46 మెగాబైట్లు. మొత్తము 900 చిత్రాలకు 45 గిగాబైట్లు! నేటి మామూలు కంప్యూటరు సులభముగా మోయగల బరువు. 16 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, సాలిడ్ స్టేట్ డిస్కు ఉన్న చాలును. స్కాను వేగము స్కానరుదే గాని కంప్యూటరుది కాదు. ఆటలకై చేసిన ఖరీదైన గ్రాఫిక్సు కార్డు ఇక్కడ శుద్ధ దండుగ. ఆ సొమ్ముతో రంగులను నిజముగా చూపు మంచి తెర ఒకటి, విడి హార్డుడిస్కులు రెండు కొనవలెను. ఒక డిస్కు కళాశాలలోను, రెండవది వేరొక భవనములోను ఉండవలెను. విండోసు 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరులో ముగిసినది గనుక కార్యాలయములో మిగిలిన పాత యంత్రమును దీనికి అంటగట్టరాదు. చిత్రాలను సవరించుటకు డబ్బు పెట్టవలసిన అవసరమే లేదు. ఉచితముగా లభించు గింప్ 2018 నాటి 2.10 నుండి 16 బిట్ల చిత్రాలతో పనిచేయుచున్నది. మూలప్రతి టిఫ్ రూపములో ఉండవలెను. పంచిపెట్టు ప్రతులు జెపెగ్ రూపములో ఉండవచ్చు.

నిజమైన ఖర్చు వేరొకటి ఉన్నది. ఒక్కొక్క చిత్రమునకు నాలుగు నిమిషాలన్నను 900 చిత్రాలకు 60 గంటలు. రోజుకు రెండు గంటల చొప్పున నెల దినములు ఓపికగల విద్యార్థులు ఇద్దరు కూర్చుండవలెను. ఈ పద్దు ఏ కొటేషనులోనూ ఉండదు.

పేర్ల సంగతి అంతకంటె కష్టము. ఫైళ్లకు అంకెలతోనే పేర్లు పెట్టుదము: సంవత్సరము, కవరు, చిత్రము. వివరాలు మాత్రము ఉర్దూలోను తెలుగులోను ప్రక్కప్రక్కన వ్రాయవలెను. నేటి కంప్యూటరులో రెండు లిపులూ ఒకే పట్టికలో ఇముడును. కవర్లపై నాటి ఉర్దూ అధ్యాపకులొకరు సిరా కలముతో వ్రాసినది ఇప్పటికినీ చదువవచ్చు. అయితే చిత్రాలలోని ముఖాలను గుర్తించగల వారు ఏటేట తగ్గుచున్నారు. మొదటి కవరుపై "ముషాయిరా, రెండవ రాత్రి" అని మాత్రమున్నది. సంవత్సరము వ్రాసిన చోట సిరా అలుకుకొనిపోయినది. వేదికపై ఎడమనుండి మూడవవారు, నల్లని షేర్వానీలో చేయెత్తి చదువుచున్నవారు, ఎవరో మాకు తెలియదు. తెలిసిన పూర్వ విద్యార్థులు గ్రంథాలయమునకు వచ్చి చెప్పవలెనని కోరుచున్నాము.