తుపాకీ డిక్కీలో... ప్రాణం గుప్పిట్లో!

అమెరికాలో మీ డ్రైవింగ్ లైసెన్స్ 50 రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. మ్యారేజ్ సర్టిఫికెట్టూ అంతే. గన్ పర్మిట్ సంగతి మాత్రం అలా కాదు బాస్! ఒక రాష్ట్రంలో నడుముకి తుపాకీ పెట్టుకుని కాఫీ షాపుకెళ్లినా ఎవరూ పట్టించుకోరు. అదే తుపాకీతో వంతెన దాటి పక్క రాష్ట్రంలోకి అడుగుపెడితే చేతికి బేడీలే. మధ్యలో చెక్‌పోస్టు ఉండదు, గేటు ఉండదు. ‘వెల్‌కమ్’ అన్న బోర్డొక్కటే కనిపిస్తుంది. రూల్ మారిన సంగతి ఆ బోర్డు మీద రాసి ఉండదు.

డాలస్, అట్లాంటా, ఎడిసన్ అంటూ మన బంధువుల్లో సగం మంది అక్కడే ఉన్నారు. లాంగ్ వీకెండ్ వస్తే రోడ్ ట్రిప్ ఖాయం. కాబట్టి ఈ సంగతి మనకీ అవసరమే.

ఒక తల్లి, ఒక నిజం

2013 అక్టోబర్‌. షనీన్ అలెన్ అనే ఫిలడెల్ఫియా మహిళ కారులో న్యూజెర్సీలోకి వెళ్లింది. ఇద్దరు పిల్లల తల్లి. పెన్సిల్వేనియా ఇచ్చిన పర్మిట్ ఉంది, పాత కేసులేమీ లేవు. ట్రాఫిక్ పోలీసు ఆపితే ‘నా దగ్గర గన్ ఉంది’ అని తనే చెప్పింది. పెన్సిల్వేనియా పర్మిట్ న్యూజెర్సీలో చెల్లదు. అంతే, అరెస్ట్! నేరం రుజువైతే కనీసం మూడున్నరేళ్లు జైల్లో ఉండాల్సిందే. దేశమంతా గొడవయ్యాక 2015 ఏప్రిల్‌లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టారు.

అంతకుముందు బ్రయాన్ ఎయిట్కెన్‌దీ ఇలాంటి కథే. కొలరాడోలో చట్టప్రకారం కొన్న తుపాకులతో న్యూజెర్సీకి మకాం మార్చాడు. 2009లో పోలీసులకు అవి కారు డిక్కీలో దొరికాయి. ‘ఇల్లు మారుతున్నానండీ’ అన్న వాదన కోర్టులో నిలవలేదు. ఏడేళ్ల శిక్ష పడింది. 2010 డిసెంబర్‌లో అదే గవర్నర్ శిక్ష తగ్గించి బయటికి పంపారు.

ఇద్దరికీ గవర్నర్ దయ దక్కింది. అందరికీ దక్కుతుందా?

1986 చట్టం ఏమంటోంది?

ఈ తలనొప్పి కోసమే 1986లో ఫైర్ఆర్మ్ ఓనర్స్ ప్రొటెక్షన్ యాక్ట్ తెచ్చారు. జనం ముద్దుగా ‘ఫోపా’ అంటారు. మన భాషలో చెప్పాలంటే ఇదొక ‘ఇఫ్’ కండిషన్. అన్నీ ‘ట్రూ’ అయితేనే రన్ అవుతుంది.

* బయల్దేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీని దగ్గర పెట్టుకుని తిరగడం మీకు చట్టబద్ధమై ఉండాలి.
* తుపాకీలో తూటాలు ఉండకూడదు.
* తుపాకీ గానీ, తూటాలు గానీ సీట్లో కూర్చుని అందుకునేలా ఉండకూడదు. డిక్కీలో పెట్టడం సేఫ్.
* విడిగా డిక్కీ లేని బండైతే తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. గ్లవ్ బాక్స్, సీట్ల మధ్య ఉండే కన్సోల్ పనికిరావు. వాటికి తాళం ఉన్నా సరే!

చివరిది బాగా గుర్తుపెట్టుకోండి. మనవాళ్లు ఇష్టంగా కొనే ఎస్‌యూవీల్లో, మినీవ్యాన్లలో వెనక సామాను పెట్టే చోటు, మనం కూర్చునే చోటు ఒకటే.

ఉదాహరణకి వర్జీనియా నుంచి న్యూహ్యాంప్‌షైర్‌కి ఐ-95 మీద వెళ్తున్నారనుకోండి. మధ్యలో మేరీల్యాండ్, డెలావేర్, న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్ లాంటి రాష్ట్రాలు తగులుతాయి. వీటిలో చాలావాటి చట్టాలు మహా కఠినం. వాటి గుండా ‘దాటిపోవడానికే’ ఫోపా రక్షణ. న్యూజెర్సీలో పిన్ని ఇంట్లో రెండ్రోజులు ఉండి పోదామంటే కథ మారిపోతుంది. డాలస్ నుంచి ఎడిసన్‌కి మకాం మార్చినా అంతే. చేరే చోటు న్యూజెర్సీయే కాబట్టి అక్కడి రూల్సే పాటించాలి.

ఒక్క రాత్రి హోటల్లో...

యూటా వాసి గ్రెగ్ రెవెల్ 2005లో విమానంలో పెన్సిల్వేనియా వెళ్తూ న్యూజెర్సీలోని నెవార్క్‌లో చిక్కుకుపోయాడు. ఆలస్యం వల్ల కనెక్షన్ మిస్సయింది. బ్యాగు తీసుకుని హోటల్లో పడుకున్నాడు. పొద్దున్నే ఎయిర్‌పోర్టుకెళ్లి ‘బ్యాగులో గన్ ఉంది’ అని రూల్ ప్రకారం చెప్పాడు. అరెస్ట్ చేశారు! తర్వాత కేసు ఎత్తేశారు. ఆయన పోలీసుల మీద దావా వేస్తే 2010లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. హోటల్ గదిలో ఆ రాత్రంతా తుపాకీ ఆయన చేతికి అందేలా ఉంది కాబట్టి ఫోపా వర్తించదంది. తప్పు ఎయిర్‌లైన్స్‌దైనా సరే, కండిషన్ ‘ఫాల్స్’ అయితే ఫాల్సే.

ఇంకో మెలిక. రోడ్డు మీద పోలీసుకి ఈ చట్టం తెలియకపోవచ్చు, నమ్మకపోవచ్చు. అప్పుడు ముందు అరెస్టు, తర్వాత కోర్టులో వాదన. ఖర్చు మాత్రం మనదే.

వీసా మీద ఉన్నారా? ఆగండి!

ఇదే మనవాళ్లు మిస్సయ్యే పాయింట్. ఫోపా రక్షణ తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లకే. ఎఫ్‌-1, హెచ్‌-1బీ, హెచ్‌-4 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. అప్పుడు కూడా రాష్ట్ర చట్టం ఒప్పుకోవాలి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లకి ఈ వీసా నిషేధం లేదు.

‘సరదాగా షూటింగ్ రేంజ్‌లో రెండు రౌండ్లే కదా’ అంటారా? అద్దెకి తీసుకుని చేత్తో పట్టుకున్నా ‘దగ్గర ఉంచుకోవడం’ కిందే లెక్క. హమీద్ రెహైఫ్ అనే విదేశీ విద్యార్థి మార్కులు రాక యూనివర్సిటీ నుంచి బయటికొచ్చాడు, స్టేటస్ పోయింది. తర్వాత ఫ్లోరిడాలో రేంజ్‌కి వెళ్లి కాల్చాడు. 18 నెలల జైలు శిక్ష పడింది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తన స్టేటస్ ఏంటో అతనికి తెలుసని ప్రభుత్వం నిరూపించాలంది. నిషేధం మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. దానికితోడు తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపేయొచ్చు. మాస్టర్స్, లోన్, ఉద్యోగం... అన్నీ ఒక్క సెల్ఫీ కోసం పణంగా పెడతామా?

అందుకే రోడ్ ట్రిప్‌లో ఫ్రెండ్ ‘నా గన్ నీ బండిలో వేస్తా’ అంటే మొహమాటపడకండి. ఫ్రెండ్ సిటిజనే కావొచ్చు. బండి మీది, తాళం మీది, వీసా మీది. ‘వద్దు బ్రో’ అనేయండి.

మన దగ్గరైతే?

ఇక్కడ తుపాకీ లైసెన్స్ దొరకడమే గగనం. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ మీద అది చెల్లే ప్రాంతం రాసి ఉంటుంది. అది దాటి తీసుకెళ్లాలంటే దేశమంతా చెల్లేలా అనుమతి తెచ్చుకోవాలి. 2019 సవరణతో సాధారణంగా ఒక్కరికి రెండు తుపాకులే. మన రూల్ కఠినమే గానీ కాగితం మీద కళ్లకి కనిపిస్తుంది. అక్కడ మాత్రం ఎవరికి వాళ్లు వెతుక్కోవాల్సిందే.

కాబట్టి అక్కడ చట్టబద్ధంగా గన్ ఉన్న మావయ్యో, అన్నయ్యో ట్రిప్‌కి పిలిస్తే, గూగుల్ మ్యాప్స్‌లో రూటు చూసినట్టే దారిలో ప్రతి రాష్ట్రం చట్టం కూడా చూశారా అని అడగండి. రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్ చూడమనండి, అనుమానముంటే లాయర్‌ని కలవమనండి. అంత ఓపిక లేదంటారా? గన్‌ని ఇంట్లోనే భద్రంగా తాళం వేసి రమ్మనండి. కారులో పులిహోర డబ్బాకి చోటు మిగులుతుంది!