పసికందు రక్తము గడ్డకట్టు విధము

సిర్గిట్టిలో నైనను, విశాఖపట్టణములో నైనను, పురిటిగదిలో పెద్దల చూపు మొదట బొడ్డుమీద నిలుచును. తాడు కోసిన చోట రక్తము ఆగినదా? రైల్వే కొలువులకై బిలాసుపురము చేరి స్థిరపడిన తెలుగు కుటుంబములలో నేటికిని అవ్వలు అడుగు ప్రశ్న ఇదియే. ప్రశ్న మంచిదే.

గాయమైనచోట ముందుగా చేరి అడ్డుపడునవి రక్తఫలకికలు. వాడుకలో ప్లేట్‌లెట్లందుము. ఇవి నిండు కణములు కావు. పెద్ద కణములనుండి తెగిన తునకలు. పిండమునకు అయిదు వారములు నిండుసరికే ఇవి రక్తములో కానవచ్చును. తొలిదశలో వీని తయారీకి కాలేయము ముఖ్యస్థానము. పిదప ఆ పని ఎముకల మూలుగకు మారును. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఇవి పెద్దలకున్నన్ని, అనగా ఘన మిల్లీమీటరు రక్తమున లక్షన్నరకు తక్కువ గాకుండ, ఉండును.

సంఖ్య సమానమే గాని చురుకు సమానము కాదు. పెద్దల ఫలకికలను వెంటనే మేల్కొలుపు పదార్థములకు శిశువు ఫలకికలు మందముగా స్పందించును. అయినను ఆరోగ్యవంతుడైన శిశువునకు రక్తము ఆగుటలో జాగు కలుగదు! ఏలయన, ఫలకికలను గాయమునకు అంటించు ఒక మాంసకృత్తు శిశువు రక్తములో మెండు, ఎఱ్ఱకణములును అధికము. పుట్టిన రెండు వారములలో ఫలకికల మాంద్యము చాలవరకు తీరును.

నెలలు నిండని బిడ్డల స్థితి వేరు. వారి ఫలకికలు మరింత మందము. మెదడులో రక్తస్రావ భయము కలదు. అట్లని పెద్దల ఫలకికలను ధారాళముగా ఎక్కించుట మేలా? ఐరోపాలో 660 మంది శిశువులపై జరిగి 2019లో వెలువడిన పరిశోధన విపరీతఫలము చూపినది. సంఖ్య 50,000కు తగ్గగనే ఎక్కించినవారిలో నూటికి 26 మందికి మరణమో తీవ్ర రక్తస్రావమో సంభవించెను. 25,000కు తగ్గువరకు ఆగినవారిలో 19 మందికే. కావున వైద్యుడు వేచియుండుట అశ్రద్ధ యని బంధువులు తలపరాదు.

ఫలకికలు వేసిన అడ్డు నిలుచుటకు కాలేయము తయారుచేయు పదార్థములు కావలెను. వానికి విటమిన్ కె అవసరము. ఇది మావిని దాటి శిశువును చేరునది స్వల్పము, తల్లిపాలలోను కొద్దియే. అందుచేత పుట్టగనే తొడకు ఒక మిల్లీగ్రాము సూదిమందు ఇత్తురు. కిలోకు తక్కువ బరువున్నచో అర మిల్లీగ్రాము. పసికందుకు సూదియేల యని కొందరు వలదందురు. కాని ఈ లోపమువలని రక్తస్రావము ఆరు నెలలవరకు, తఱచుగా మెదడులోనే, పొంచియుండును.

తొలి రెండు మూడు దినముల నల్లని మలము సహజమే. పిమ్మట మలము మరల నల్లబడినను, బొడ్డునుండి రక్తము ఊరినను, ఒంటిపై కారణములేని కమిలిన మచ్చలు కనబడినను, శిశువును ఆ పూటనే ఆసుపత్రికి చేర్పవలెను.