బస్సు మారినది – ఎవరికి చెప్పారు?

పద్మనాభము అనగానే విశాఖ జిల్లాలో చాలామందికి కొండమీది అనంత పద్మనాభస్వామి గుడి, ఆ మెట్లు, 1794 జూలై 10న ఇక్కడ చిన విజయరామరాజు కుంఫిణీ సేనలతో పోరాడి నేలకొరిగిన సంగతి జ్ఞాపకము వస్తాయి. బడిపిల్లలను అడిగితే, ఇదే మండలములోని పాండ్రంగిలో 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టాడని చెప్తారు. కాని ఊరిలో కాపురమున్నవారిని అడిగి చూడండి. వారి నోట ముందుగా వచ్చే మాట బస్సు. పొద్దుటి బస్సు, కాలేజీ బస్సు, రాత్రి ఆఖరి బస్సు. పేర్లు పెట్టి పిలుస్తారు, ఇంటిలోని మనుషులను పిలిచినట్టు.

ఈ మండలపు ప్రజల అవసరాలు ఒకే దిక్కున లేవు. కూరగాయలు, పూలు పండించేవారు తగరపువలస, ఆనందపురము, విజయనగరము వైపు వెళ్తారు. విజయనగరము దగ్గర పట్టణమే గాని అది వేరే జిల్లా. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసిన తరువాత రెవెన్యూ డివిజను కార్యాలయము భీమునిపట్నమునకు వచ్చింది. పెద్ద జబ్బు చేస్తే మాత్రం విశాఖపట్నము కె.జి.హెచ్.కు పోవలసిందే. మూడు దిక్కులకు మూడు రకాల బస్సులు, మూడు రకాల వేళలు. వీటిలో ఒక్కటి మారితే ఒక ఇంటి దినచర్య మొత్తము మారిపోతుంది.

మార్చవద్దని మేము అనడము లేదు. బస్సు చెడిపోతుంది, డ్రైవర్లు చాలరు, రోడ్డు పని జరుగుతుంది. ఒక ట్రిప్పులో పదిమందైనా ఎక్కకపోతే డీజిలు ఖర్చు కూడా రాదు. సింహాచలము చందనోత్సవమునకు, గిరి ప్రదక్షిణకు ప్రత్యేక బస్సులు కావాలి. 2025 జూన్ 21న విశాఖ సముద్రతీరాన జరిగిన యోగా దినోత్సవము వంటి పెద్ద సభలకు జనాన్ని తరలించుటకు ఎక్కడెక్కడి బస్సులో కావలసి వస్తాయి. ఇవన్నీ అర్థము కాని విషయాలు కావు. మా ప్రశ్న ఒక్కటే: మార్చినట్టు ఎక్కేవారికి ఎవరు చెప్పారు?

మా సంఘములో కూరగాయలు అమ్ముకొనే ఒక పెద్దామె ఉన్నారు. ఒకనాటి ఉదయము పాస్టరు ఇంటికి వచ్చి, "అయ్యగారూ, పొద్దుటి బస్సు మార్చేసారంట, మీకేటైనా తెలుసా?" అన్నారు.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఎవులూ చెప్పనేదు అయ్యగారూ. నిన్న రానేదు, ఇయ్యాల రానేదు. అంటే మార్చేసినట్టే గదా."

అది ఎవరి బస్సు, ఏ డిపో అన్నది ఇక్కడ ముఖ్యము కాదు. ఆమెకు వార్త చేరిన తీరు చూడండి. బస్సు రాకపోవడమే ఆమెకు అందిన ప్రకటన! ఆ ప్రకటన అందుకొనుటకు రెండు రోజుల బేరము పోయింది. మొదటిరోజు గంపలోని వంకాయలు వాడిపోయాయి. రెండవరోజు ఆటో మాట్లాడుకుంటే లాభము ఆటోకే సరిపోయింది.

పల్లెలలో ఉన్నవారికి నైట్ హాల్ట్ బస్సు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. రాత్రి ఆఖరి ట్రిప్పుగా వచ్చి, డ్రైవరు, కండక్టరు ఊరిలోనే పడుకొని, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగా బయలుదేరే బస్సు అది. దానిని ఆపితే లెక్కలో ఒక్క బస్సు తగ్గినట్టు కనిపిస్తుంది. ఊరికి మాత్రం రెండు పోతాయి. పట్నములో పని ముగించుకొని వచ్చే కూలివాడికి ఇల్లు చేరే దారి ఉండదు, తెల్లవారి ఓ.పి. చీటీ కోసము వరుసలో నిలబడవలసిన రోగికి బయలుదేరే దారి ఉండదు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్‌కు పోయేవారు మన సంఘాలలోనూ ఉన్నారు. వారికి బస్సు తప్పితే మరుసటి రోజు చూసుకొందాములే అనే వీలు లేదు. పరీక్షకు బయలుదేరిన ఆడపిల్ల సంగతీ అంతే. ముందురోజు తెలిసి ఉంటే ఏ మేనమామ ఇంటిలోనో రాత్రి పడుకొనేది, ఏ అన్నయ్య మోటారు సైకిలో అడిగి పెట్టుకొనేది. ఆమెకు కావలసినది పెద్ద సహాయమేమీ కాదు, ఒక్క రోజు ముందు ఒక్క మాట.

డ్రైవరును, కండక్టరును తిట్టడము మన వాళ్ళకు అలవాటు. అది న్యాయము కాదు. తాము ఏ బస్సుమీద వెళ్ళాలో వారికి డ్యూటీ చార్టు చూస్తేనే తెలుస్తుంది.

ఇంతకూ చట్టములో ఏమున్నది? 1988 మోటారు వాహనాల చట్టము 72వ సెక్షను స్టేజి క్యారేజి పర్మిటుకు పెట్టదగిన షరతులను చెప్తుంది. ఆమోదించిన టైము టేబులు ప్రతులను బస్సులోనూ, నిర్ణయించిన స్టాండ్లలో, స్టాపులలోనూ అందరికీ కనిపించేటట్టు పెట్టాలనేది వాటిలో ఒకటి. అంటే ఈ ఆలోచన కొత్తది కాదు. 2005 సమాచార హక్కు చట్టము ఇంకొక అడుగు ముందుకు వేసింది. ప్రజలపై ప్రభావము చూపే నిర్ణయాలను ప్రకటించేటప్పుడు సంబంధించిన వివరాలన్నీ ప్రచురించాలని 4వ సెక్షను చెప్తుంది. అదీ స్థానిక భాషలో, ఆ ప్రాంతములో జనానికి బాగా చేరే పద్ధతిలో. నోటీసు బోర్డులు, పత్రికలు, బహిరంగ ప్రకటనలు అని ఆ పద్ధతుల పేర్లు కూడా అక్కడే ఉన్నాయి. ఇంగ్లండులో, లండను నగరము బయట, ఒక బస్సు మార్గము మార్చాలన్నా ఆపాలన్నా సాధారణముగా కనీసము 42 రోజుల ముందు ట్రాఫిక్ కమిషనరు వద్ద నమోదు చేయించాలి. అంతకు 28 రోజుల ముందే స్థానిక పాలకులకు తెలియజేయాలి.

అంత దూరము ఎందుకు? మన సంఘాలలో ఒక పెళ్ళి జరగాలంటే మూడు ఆదివారాలు ప్రకటన చదువుతాము. ఇద్దరి పెళ్ళికే ఊరందరికీ మూడుసార్లు చెప్పే మనకు, ఊరందరూ ఎక్కే బస్సు గురించి ఒక్కసారైనా చెప్పాలనడము గొంతెమ్మ కోరిక కాదు. వెనుకటి రోజులలో చిన్న సంగతికైనా చాటింపు వేయించేవారు. ఆ డప్పు పోయింది, దాని స్థానములో మరొకటి రాలేదు.

రాలేదనడము పూర్తిగా సరి కాదేమో. ఆర్టీసీకి లైవ్ ట్రాక్ అనే యాప్ ఉన్నది. ఫోను వాడటము వచ్చిన కుర్రవాళ్ళకు అది మేలే. గంప నెత్తిన పెట్టుకొన్న ఆ పెద్దామె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. ఆమెకు కావలసినది షెల్టరు గోడమీద నాలుగు తెలుగు అక్షరాలు. అవి చదవలేకపోతే పక్కనున్న పిల్ల చదివి చెప్తుంది.

చెప్పే శక్తి లేదా అంటే, ఉన్నది. 2020 మార్చిలో కరోనా వలన బస్సులు ఆగినప్పుడు, మే 21న జిల్లాలలో మళ్ళీ తిరిగినప్పుడు ప్రతి పత్రికలోనూ వచ్చింది. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకము మొదలైనప్పుడు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి టిక్కెట్టు లేదని, గుర్తింపు కార్డు చూపితే చాలునని ఊరూరా తెలిసింది. మా సంఘములో అక్షరము రాని అవ్వలు కూడా ఆ అయిదు బస్సుల పేర్లు తప్పులేకుండా చెప్పగలరు. ఉచితము అన్న మాట అంత బాగా చేరవేయగలిగినవారు, ఏడు గంటల బస్సు ఎనిమిదికి మారిందన్న మాట చేరవేయలేరా? సున్నా టిక్కెట్టు విలువ ఆ బస్సు వచ్చినప్పుడే కదా.

ఖర్చు కూడా పెద్దది కాదు. షెల్టరులో ఒక నల్ల బోర్డు. మారబోయే ట్రిప్పులో రెండు రోజుల ముందునుండి కండక్టరు చెప్పే ఒక మాట. గ్రామ సచివాలయము బోర్డుమీద ఒక కాగితము. చర్చి, గుడి, మసీదు మైకులు ఎలాగూ ఉన్నాయి, ఆ కాగితము అందితే చదవటానికి ఎవరూ కాదనరు.

అడగటము మన వంతు. తెల్లకాగితముమీద, మండలములోని మన స్టాపుల పేర్లు వ్రాసి, అక్కడ ఆగే ప్రతి బస్సుకూ ఆమోదించిన టైము టేబులు ప్రతి, గత ఏడాదిలో మార్చిన లేక ఆపిన ట్రిప్పుల జాబితా, ఆ మార్పును ఏ తేదీన ఎక్కడ ప్రకటించారో ఆ వివరము ఇవ్వమని సమాచార హక్కు చట్టము కింద డిపో కార్యాలయమునకు అర్జీ పెట్టవచ్చును. రుసుము 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ లేదు. సాధారణముగా 30 రోజులలో జవాబు ఇవ్వాలి. మా యౌవనస్థులు ఇద్దరు ఇప్పటికే స్టాపుల పేర్లు వ్రాసి పెట్టారు. సంతకాలు చేయదలచినవారు ఆదివారము ఆరాధన తరువాత వారిని కలవండి. ఆఖరి బస్సుకు వెళ్ళవలసినవారు ముందుగా చేసి వెళ్ళవచ్చును.