‘నాకు తెలిసి రెడీయే’... ఇటాలియన్‌లో ఈ మాట ఎలా అనాలి?

శుక్రవారం సాయంత్రం. ‘బిల్డ్ రెడీయేనా?’ అని ఇటలీ క్లయింట్ చాట్‌లో అడిగాడు. టెస్టింగ్ వాళ్లు ఇంకా ఓకే చెప్పలేదు. ఇలాంటప్పుడు మనమేమంటాం? ‘నాకు తెలిసి రెడీయే’ అంటాం. ఆరు నెలలుగా యాప్‌లో నేర్చుకుంటున్న ఇటాలియన్‌ని చూపించుకుందామని నేనూ అదే కొట్టాను: ‘సో కె ఎ ప్రోంతో’.

ఆయన వెంటనే వాళ్ల పెద్దలకు మెయిల్ పెట్టేశాడు. తీరా చూస్తే పేమెంట్ పేజీయే ఓపెన్ కాలేదు. శని, ఆదివారాలు టీమ్ మొత్తం సిస్టమ్ ముందే. ఒకమ్మాయి వాళ్లక్క పెళ్లిచూపులకు కూడా పోలేకపోయింది. దేవరకొండ దగ్గర మా ఊరికి పోదామని నేను కొనుక్కున్న బస్ టికెట్టూ దండగే. కాల్‌లో క్లయింట్ అన్నది ఒక్కటే: ‘తెలుసని నువ్వే కదా రాశావు!’

మన ‘నాకు తెలిసి’లో సగం డౌటే ఉంటుంది. వాళ్ల ‘సో కె’ అంటే మాత్రం ‘నాకు ఖాయంగా తెలుసు’ అని. డౌట్ ఉంటే ఇటాలియన్లు క్రియ రూపాన్నే మార్చేస్తారు. ఆ రూపం పేరే కొంజుంతీవో. రెడీగా ఉంది అంటే ‘ఎ ప్రోంతో’. రెడీగా ఉందనుకుంటా అంటే ‘పెన్సో కె సియా ప్రోంతో’. ‘ఎ’ కాస్తా ‘సియా’ అయిపోయింది. వచ్చిండేమో, ఉన్నదేమో అని మనం చివర ‘ఏమో’ తగిలిస్తాం కదా, కాస్త అలాంటిదే.

ఎప్పుడు వాడాలి?

డౌట్, అభిప్రాయం: పెన్సో కె (అనుకుంటున్నా), దూబితో కె (డౌటే).

కోరిక: ‘వోల్యో కె తు వెంగా’ అంటే నువ్వు రావాలని నా కోరిక. స్పేరో కె (ఆశిస్తున్నా) తర్వాతా ఇదే పద్ధతి.

భయం, అవసరం: ఓ పవూరా కె (భయంగా ఉంది), బిజోన్యా కె (తప్పదు).

కొన్ని కలిపే మాటలు: బెంకె (అయినా సరే), ప్రీమా కె (అంతకంటే ముందు).

ఎప్పుడు వద్దు?

సో కె (తెలుసు), ఎ వేరో కె (నిజమే), సోనో సికూరో కె (గ్యారంటీ) తర్వాత మామూలు క్రియే. ‘ప్రీమా కె’కి కొంజుంతీవో కావాలి, ‘దోపో కె’కి (తర్వాత) అక్కర్లేదు. ఎందుకంటే మొదటిది ఇంకా జరగని సంగతి, రెండోది జరిగిపోయింది. ‘సెకొందో మె’ (నా లెక్కన), ‘ఫోర్సె’ (బహుశా) మాత్రం మోసం చేస్తాయి. చెప్పేది అభిప్రాయమే అయినా వాటి తర్వాత మామూలు క్రియే వస్తుంది. ఇంకొకటి: అనుకునేదీ నేనే, వచ్చేదీ నేనే అయితే కొంజుంతీవో జోలికి పోకుండా ‘పెన్సో ది వెనీరె’ అంటే చాలు.

వానొస్తే మంచిగుండు

ఆ ఆదివారం రాత్రి ఇంటికి ఫోన్ చేశాను.

‘నాయినా, వాన పడ్డదా?’

‘ఏడ బిడ్డా! మబ్బులొస్తున్నయి, పోతున్నయి. ఒక్క వానొస్తె బత్తాయి చెట్లకు మంచిగుండు.’

నాయిన మాటని ఇటాలియన్‌లో పెడితే ‘మగారి ప్యోవెస్సె’. ‘మగారి’ అంటే ‘అలా అయితే ఎంత బాగుండు’. ‘ప్యోవెస్సె’ అనేది వాన పడటం అనే క్రియకి కొంజుంతీవో ఇంపెర్ఫెత్తో. కొంజుంతీవోకి ఉన్న నాలుగు కాలాల్లో ఇదొకటి. ‘సె అవెస్సి తెంపో, వెర్రెయ్’ (టైముంటే వచ్చేవాణ్ని) అనడానికీ ఇదే రూపం కావాలి. లేని టైము, రాని వాన... అంతా దీని ఖాతాలోనే. తెలుగుని ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారని చిన్నప్పుడే విన్నాం, మాటలు అచ్చులతో ముగుస్తాయని. నాకైతే అసలు పోలిక ఇక్కడ కనిపించింది.

పెద్దవాళ్లతో మర్యాదగా మాట్లాడాలన్నా ఇదే దిక్కు. ‘వెంగా’ అంటే రండి, ‘స్కూజి’ అంటే క్షమించండి. రెండూ కొంజుంతీవో రూపాలే.

తప్పులు పోతాయని భయపడకండి. ఇటాలియన్లకే పోతాయి. 1975లో వచ్చిన ‘ఫాంతోజ్జి’ సినిమాలో టెన్నిస్ ఆట సీన్ కామెడీ అంతా తప్పుడు కొంజుంతీవోల మీదే. 2018 సాన్‌రెమో పాటల పోటీలో లొరెంజో బల్యోని ఏకంగా దీని మీదే పాట పాడాడు. కానీ అక్కడ స్థిరపడాలనుకునేవాళ్లు దీన్ని వదిలేస్తే కుదరదు. 2018 చివర్లో వచ్చిన రూల్ ప్రకారం, అక్కడ ఉండి లేదా పెళ్లి ద్వారా పౌరసత్వం అడిగేవాళ్లు సాధారణంగా బీ1 స్థాయి భాష వచ్చని చూపించాలి. కొంజుంతీవో మొదలయ్యేది దాదాపు అక్కడే.

సోమవారం సారీ చెప్తే క్లయింట్ నవ్వి ఒక మాట నేర్పాడు: ‘కె ఈయో సప్ప్యా’. తెలియడం అనే క్రియకి కొంజుంతీవో. అచ్చం మన ‘నాకు తెలిసి’! ఇప్పుడు టెస్టింగ్ అయ్యేదాకా అదే రాస్తా. అయ్యాకే ‘సో కె’.

మొన్న నాయిన అడిగాడు, ‘పండుగకన్న వస్తవా బిడ్డా?’ అని.

‘నాకు తెలిసి వస్త నాయినా.’

‘తెలిసి, గిలిసి వద్దు. వస్తనంటె వస్త అను.’

టికెట్ బుక్ చేసి, అప్పుడు అన్నాను: ‘వస్త.’