పాత పడవ - భద్రమైన ప్రయాణం

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• పాత ఫైబర్ పడవలో తనిఖీ చేయవలసిన భాగాలను గుర్తించగలుగుతారు;
• ప్రయాణానికి కావలసిన ఇంధనాన్ని లెక్కకట్టగలుగుతారు;
• సముద్రంలో ఇంజను ఆగితే ఏం చేయాలో వివరించగలుగుతారు.

1. పరిచయం

విశాఖపట్నం, కాకినాడ తీరాలలో తెల్లవారకముందే వేటకు బయలుదేరే పడవలను మీలో చాలామంది చూసే ఉంటారు. ఒకప్పుడు కర్ర తెప్పలు, నావలు ఎక్కువగా ఉండేవి. ఇప్పుడు ఇంజను బిగించిన ఫైబర్ పడవలు ఎక్కువయ్యాయి. ఫైబర్ పడవ పైకి బాగానే కనిపిస్తూ లోపల చెడిపోవచ్చు. ఆ లోపం ఒడ్డున బయటపడితే ఖర్చుతో పోతుంది. సముద్రంలో బయటపడితే ప్రాణాలకే ముప్పు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. మరమ్మతులకు ఇదే అనువైన కాలం.

2. అడుగు, వెనుక పలక

కొత్త కుండను తట్టి చూసి కొంటాం కదా! పడవనూ అలాగే పరీక్షించాలి. ఒడ్డుకు చేర్చి ఆరబెట్టి, చెక్క పిడితో అడుగంతా మెల్లగా తట్టండి. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. పొరలు విడిపోయినచోట డొల్ల శబ్దం వస్తుంది. అక్కడ సుద్దతో గుర్తుపెట్టి బాగుచేయించండి. పైన రంగు వేసి ఊరుకుంటే లోపం దాగుతుందే తప్ప పోదు.

ఇంజనును తగిలించే వెనుక పలక లోపల చాలా పడవలలో చెక్క ఉంటుంది. బోల్టుల రంధ్రాల గుండా నీరు దిగితే ఆ చెక్క కుళ్ళిపోతుంది. ఇంజనును పట్టుకొని పైకీ కిందికీ ఊపి చూడండి. పలక కదిలితే ఆ పడవను నీటిలోకి దించకూడదు.

3. ఇంజను

ఉప్పు పేరుకుంటే ఇంజనులోని నీటి దారులు మూసుకుపోతాయి. అందుచేత వేట నుండి రాగానే మంచినీటితో శుభ్రం చేయాలి. ఇంజను నడిచేటప్పుడు దాని వెనుక చిన్న రంధ్రం నుండి నీటి ధార పడుతుంది. ధార ఆగిందంటే ఇంజను చల్లబడటం లేదన్నమాట. వెంటనే ఆపాలి.

4. ఇంధనం లెక్క

ఇంధనాన్ని మూడు సమాన భాగాలుగా లెక్కించాలి: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ఆపదకు ఒకటి.

ఉదాహరణ: ఇంజనుకు గంటకు 5 లీటర్లు కావాలి. ప్రయాణం పోవడానికి 3 గంటలు.
పోవడానికి: 5 × 3 = 15 లీటర్లు
మొత్తం: 15 × 3 = 45 లీటర్లు

5. నిప్పుతో జాగ్రత్త

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది. అది పడవ అడుగున చేరి నిలుస్తుంది. వదులైన బ్యాటరీ తీగ నుండి వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు, అది అంటుకుంటుంది. ఇంజను పెట్టె మూత తెరిచి, గాలి ఆడిన తరువాతనే ఇంజనును నడపండి. ఇంధనం పోసేటప్పుడు బీడీ, పొయ్యి ఉండకూడదు.

2023 నవంబరు 19 రాత్రి విశాఖపట్నం చేపలరేవులో పక్కపక్కన కట్టిన పడవలు పదుల సంఖ్యలో కాలిపోయాయి. వాటిలోని డీజిలు, గ్యాసు సిలిండర్లు మంటలను మరింత పెంచాయి.

6. సముద్రంలో ఇంజను ఆగితే

పడవ అలకు అడ్డంగా తిరిగితే బోల్తాపడుతుంది. కాబట్టి ముందు లంగరు వేసి, పడవ ముక్కును అలకు ఎదురుగా నిలపాలి. లోతు ఎక్కువైతే వల మూటను ముక్కుకు కట్టి నీటిలో వదలాలి. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి. ఫోను అందితే తీర రక్షక దళం నంబరు 1554కు చెప్పాలి. పడవను వదిలి ఈదవద్దు.

1996 నవంబరు 6న గోదావరి తీరాన్ని తాకిన తుపానులో వందలాది మత్స్యకారులు తిరిగి రాలేదు. పడవ ఎంత గట్టిదైనా తుపాను హెచ్చరిక ఉన్నరోజు కదలకూడదు.

మీరు నేర్చుకున్నది

పాత పడవకు భద్రత ఒడ్డునే మొదలవుతుంది. తట్టి చూడటం, కడగడం, లెక్కకట్టడం - ఈ మూడింటికీ పెద్ద ఖర్చు లేదు.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. డొల్ల శబ్దం దేనికి గుర్తు?
2. గంటకు 4 లీటర్లు ఖర్చయ్యే ఇంజనుతో 2 గంటల దూరం వెళ్ళి రావాలంటే ఎంత ఇంధనం ఉండాలి?

జవాబులు: 1. పొరలు విడిపోవడానికి. 2. 24 లీటర్లు.